పచ్చడి సీసా వద్దనకు

ప్రశ్న:

మేడమ్‌గారికి నమస్కారం. నాకు 23 ఏళ్ళు. మాది పలాస. డిగ్రీ అయ్యాక ఇక్కడే ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నాను. ఇప్పటిదాకా 14 కథలు రాశాను, రెండు అచ్చయ్యాయి. ఇక్కడే ఉంటే కొత్తగా రాయడానికి ఏమీ దొరకదనిపిస్తోంది. డిసెంబరులో పది రోజులు ఒక్కదాన్నే హైదరాబాద్ వెళ్ళి, నగరమంతా చూసి, దాని మీద ఒక నవల మొదలుపెట్టాలని ఉంది. దాచుకున్నవి 15 వేలున్నాయి. నాన్నగారు ససేమిరా అంటున్నారు. పోటీ పరీక్ష ఉందని చెప్పి వెళ్ళిపోనా? ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒకాయన తనకు కృష్ణానగర్‌లో ఆఫీసుందని, కథలన్నీ పట్టుకొస్తే సినిమా డైరెక్టర్లకు వినిపిస్తానని అంటున్నారు. వెళ్ళవచ్చా? అసలు అక్కడ ఏం చూడాలి, ఎవర్ని కలవాలి? అమ్మ ఒప్పుకుంది గానీ, మా వీధిలో వాళ్ళబ్బాయి అక్కడ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ అని, వాళ్ళకి ఉసిరికాయ పచ్చడి పట్టుకెళ్ళమంటోంది. నేను రాయడానికి వెళ్తుంటే ఈ పచ్చళ్ళ మోత ఏమిటని చిరాగ్గా ఉంది.

ఒక పాఠకురాలు, పలాస

జవాబు:

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి, ఒక చిరాకు ఉంది. నేను చిరాకుతోనే మొదలుపెడతాను. ఈ ప్రయాణంలో నీకు అన్నిటికన్నా అక్కరకొచ్చే వస్తువు ఆ పచ్చడి సీసాయే. మా అమ్మాయి వయసుదానివి కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, సాగదీత తర్వాత. వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళు. పరీక్ష ఉందని మాత్రం చెప్పకు. ఆ కృష్ణానగర్ ఆఫీసు గడప తొక్కకు. అమ్మ ఇచ్చే సీసా వద్దనకు.

నేను మొదటిసారి హైదరాబాద్ వెళ్ళింది 1994 జూన్‌లో. బొబ్బిలి నుంచి విశాఖపట్నం దాకా బస్సు, అక్కడ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి నాంపల్లి. సంచిలో తొమ్మిది కథలు, ఠావు కాగితాల మీద చేతిరాత, కార్బన్ కాపీ కూడా లేదు. ఆ కథల కింద మా పెద్దమ్మ పెట్టిన కొత్తావకాయ, గాజు సీసాలో. ముషీరాబాద్‌లో ఆమె ఆడపడుచు కొడుకు ఉన్నాడు, ఇచ్చి రమ్మంది. నీలాగే నేనూ మొహం ముడుచుకున్నాను. 'వాడు ప్రెస్సులో పనిచేస్తున్నాడే, నీ కథలు కూడా వేయిస్తాడు' అంది పెద్దమ్మ. ఆ మాటతో కాస్త మెత్తబడ్డాను.

దిగిన రోజే ఒక పత్రికాఫీసుకు వెళ్ళాను. మూడు గంటలు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. తర్వాత లోపలికి పిలిచినాయన కథల కట్ట అందుకుని, మొదటి కాగితం తిప్పకుండానే రెండు వేళ్ళతో దూరంగా పట్టుకుని వాసన చూశాడు. రాత్రి రైలు కుదుపులకు సీసా మూత వదులైపోయి నూనె కట్ట అంచుల్లోకి పాకింది. 'ఏమ్మా, ఊరగాయ కథలా?' అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. చదవకుండానే కట్ట తిరిగి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం చార్మినార్ దగ్గర మూడు గంటలు నిలబడి జనాన్ని 'పరిశీలించాను'. ఒక్క మనిషి నాతో మాట్లాడలేదు. మాట్లాడిన ఒకే ఒక్కడు మాట్లాడకపోయినా బాగుండేది.

మర్నాడు ఆ మిగిలిన ఆవకాయ ఎలాగోలా వదిలించుకుందామని ముషీరాబాద్ బయల్దేరాను. సెల్‌ఫోన్లు లేని కాలం. చీటీ మీద ఇంటి నంబరుంది. పాత హైదరాబాద్ ఇంటి నంబర్లు నువ్వు చూసి ఉండవు. వార్డు, బ్లాకు, ఇల్లు, ఆ ఇంట్లో వాటా, అన్నీ అడ్డగీతలతోనూ బైలతోనూ కలిపి రైలంత పొడుగుంటాయి. ఒక నంబరు పక్కన దాని తర్వాతి నంబరే ఉంటుందన్న పూచీ లేదు. గంటన్నర తిరిగాను. కిరాణా కొట్టాయన్ని, మసీదు అరుగు మీద కూర్చున్న ముసలాయన్ని, బడి నుంచి వస్తున్న పిల్లల్ని, ఇస్త్రీ బండి ఆమెని, ఇంకా ఎంతమందినో అడిగాను. అందరూ ఏదో ఒకటి చెప్పారు, సగం తప్పే చెప్పారు. ఇస్త్రీ ఆమె 'ఏ ఊరు బిడ్డా నీది' అని అడిగి, బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, తనే నాలుగు సందులు నడిచి వచ్చింది. దారి పొడుగునా వాళ్ళాయన బొంబాయి పోయి ఎందుకు తిరిగి రాలేదో చెప్పింది.

చూశావా తేడా? ఊరికే నిలబడి మనుషుల మొహాల్లోకి చూసే ఆడపిల్లని చూస్తే జనం పక్కకు తప్పుకుంటారు. చేతిలో చీటీ, సంచిలో సీసా ఉన్న పిల్లకి మాత్రం అందరూ దారి చెబుతారు, దారితో పాటు ఇంకేవో కూడా చెబుతారు.

ఆ ఇల్లు ఒకటే గది. మధ్యలో చీర అడ్డం కట్టి అటు వంట, ఇటు పడక. ఆయన అప్పుడే పని నుంచి వచ్చి కిరసనాయిలుతో చేతులు తోముకుంటున్నాడు. ఎంత తోమినా గోళ్ళ చుట్టూ నల్లటి గీత పోవడం లేదు. మా పెద్దమ్మ ప్రెస్సంటే పత్రిక అనుకుంది పాపం. ఆయన పనిచేసేది శుభలేఖలూ బిల్లు పుస్తకాలూ వేసే ప్రింటింగ్ ప్రెస్సులో. కంపోజిటర్. గళ్ళలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసగా పేర్చడం ఆయన పని. అప్పటికే నగరంలో కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే డీటీపీ సెంటర్లు వచ్చేశాయి. ఓనరు కంప్యూటర్ కొంటానంటున్నాడని, కొంటే తన పని ఆఖరని, వాన గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

సంచిలో కట్ట చూసి 'ఏదీ' అని చెయ్యి చాచాడు. మరకలున్నాయని నసిగాను. 'సిరా మరక కన్నా నయమే' అని దీపం కింద కూర్చుని రెండు కథలు పూర్తిగా చదివాడు. చదువుతున్నంతసేపూ ఆయన కుడిచేతి వేళ్ళు గాల్లో అక్షరాలు ఏరుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. ఒత్తు తప్పిన చోటల్లా గోటితో నొక్కి గుర్తు పెట్టాడు. ఆఖర్న ఒక పేజీ చూపించి, 'ఈ ముసలమ్మ మూడు పేజీలు ఆపకుండా మాట్లాడుతోందమ్మా. నేను కంపోజ్ చెయ్యాల్సి వస్తే రెండో పేజీలోనే నోరు మూయించేవాణ్ణి' అన్నాడు. నా జీవితంలో మొదటి ఎడిటర్ ఆయనే. అచ్చయిన నా మొదటి కథ ఆ వేళ్ళ గురించే.

ఇప్పుడు నీ సంగతి చూద్దాం. మీ వీధి అబ్బాయి వాచ్‌మన్ అన్నావు. వాచ్‌మన్ కుటుంబం అంటే మామూలుగా సెల్లార్‌లో ఒక గది, గోడకి అవతల నీళ్ళ మోటారు, ఇవతల కరెంటు మీటర్లు, గుమ్మం ముందే కార్లు. మోటారు ఎప్పుడు వెయ్యాలి, ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, ఏ ఫ్లాట్‌కి పార్సిళ్ళు ఎక్కువ, ఏ ఫ్లాట్ ముసలాళ్ళకి కొడుకు ఫోన్ చెయ్యడం మానేశాడు, ఇవన్నీ అతనికి తెలుసు. అతని భార్య పై అంతస్తుల్లో రెండు మూడిళ్ళలో పనిచేస్తూ ఉంటే ఆమెకి ఇంకా ఎక్కువ తెలుసు. ఆ సెల్లార్‌లోంచి హైదరాబాద్ ఎలా కనిపిస్తుందో నాలుగు ఐటీ టవర్ల చుట్టూ తిరిగినా నీకు తెలియదు. అక్కడికి నువ్వు 'రచయిత్రిని, మీ జీవితం చెప్పండి' అని వెళ్తే కుర్చీ వేసి, కూల్‌డ్రింక్ తెప్పించి, ఏమీ చెప్పకుండా పంపేస్తారు. పచ్చడి సీసాతో వెళ్తే కింద కూర్చోబెట్టి అన్నం పెడతారు. తిను. గిన్నెలు కడుగు. పిల్లలుంటే హోంవర్క్ చేయించు. అక్కడ నోట్‌బుక్ బయటికి తియ్యకు, కానీ కథలు రాస్తానన్న సంగతి దాచకు. తర్వాత ఎప్పుడైనా రాస్తే పేరు మార్చు, ఊరు మార్చు, ఏరియా కూడా మార్చు. ఎవరో చదివి అసోసియేషన్ ప్రెసిడెంట్‌కి చెబితే అతనికి ఉద్యోగంతో పాటు ఇల్లు కూడా పోతుంది, రెండూ ఒకటే గది కాబట్టి.

'పలాసలో రాయడానికి ఏమీ లేదు' అన్నావు. చుట్టూ చేతులకి బూడిద రాసుకుని జీడిగింజలు ఒలిచే ఆడవాళ్ళు కూర్చుని ఉంటే, మధ్యలో లెక్కల పుస్తకం పట్టుకుని ఈ మాట రాసిన నీ మీద కోపం వచ్చింది. సరే, దాని గురించి ఇంకోసారి దెబ్బలాడతాను.

నాన్నగారి విషయం. అబద్ధం వద్దంటున్నది నీతి కోసం కాదు. పరీక్ష అని చెప్పి వెళ్ళినదానివి, అక్కడ జ్వరమొచ్చినా, పర్సు పోయినా ఇంటికి ఫోన్ చెయ్యడానికి భయపడతావు. అదే అసలు ప్రమాదం. ఊరు కాని ఊళ్ళో ఒంటరి ఆడపిల్లకి ఉన్న పెద్ద బలం, ఏ అర్ధరాత్రయినా సంకోచం లేకుండా ఒక నంబరు నొక్కగలగడం. ఆ నంబరు నాన్నది అయ్యుంటే మంచిది. నీకు 23 ఏళ్ళు, చట్టప్రకారం ఎవరి అనుమతీ అక్కర్లేదు, నిజమే. కానీ ఆయన భయపడుతున్నది నీ రాతల గురించి కాదు, రాత్రిళ్ళ గురించి. కాబట్టి కథలంటే ఎంత ఇష్టమో ఆయనకు వివరించి లాభం లేదు. టికెట్లు ఆయన చేతే చేయించు, రానూ పోనూ రెండూ. హాస్టల్ వాళ్ళ నంబరిచ్చి ఆయన్నే మాట్లాడమను. వాచ్‌మన్ ఇంటి అడ్రసు అమ్మ చేత రాయించు. తిరుగు టికెట్ తారీఖు కళ్ళ ముందు కనిపించాక మన నాన్నలు సగం చల్లబడతారు. 'ఒక్కతే ఎక్కడికో పోతోంది' అనేది 'ఫలానా వాళ్ళింటికి పచ్చడి ఇచ్చి వస్తుంది' అయిపోతే ఇరుగుపొరుగు నోళ్ళు కూడా మూతపడతాయి. సీసాకి ఆ ఉపయోగం కూడా ఉంది.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, మునుపట్లా 120 కాదు. డిసెంబరు 20 ప్రాంతంలో బయల్దేరాలంటే అక్టోబరు మూడో వారంలోనే చూసుకోవాలి. స్లీపర్‌లో ఆడవాళ్ళ కోటా కింద ఆరు బెర్తులు ఉంటాయి, ఒంటరిగా వెళ్ళేవాళ్ళకీ వర్తిస్తుంది, బుక్ చేసేటప్పుడు లేడీస్ కోటా ఎంచుకోవాలి. మీ పలాసలో ఆగే బళ్ళలో పగటి పూట దింపేది చూసుకో. రానూ పోనూ కలిపి వెయ్యి రూపాయల చిల్లర అవుతుంది. బండి ఏ స్టేషన్ దాకా వెళ్తుందో టికెట్ మీద రెండుసార్లు చదువు. సికింద్రాబాద్ స్టేషన్‌ని తిరగకడుతున్నందువల్ల కొన్ని బళ్ళను చర్లపల్లికి మార్చారు. 2025 జనవరిలో తెరిచిన ఆ టెర్మినల్ నగరానికి తూర్పు అంచున ఉంది, పక్కన మెట్రో లేదు. సికింద్రాబాద్ అనుకుని చర్లపల్లిలో దిగితే ఆటోవాళ్ళు నీ మొహం చూసే కనిపెట్టేస్తారు. బండిలో ఇబ్బంది వస్తే 139.

ఇంకో మాట. ఆ బండి జనరల్ బోగీలు మన జిల్లాల నుంచి కూలి పనులకు వెళ్ళేవాళ్ళతో కిటకిటలాడుతుంటాయి. తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ వాళ్ళు, భార్యాభర్తలు, చంకలో పిల్లలు, బియ్యం మూటలు. నువ్వు స్లీపర్‌లోనే వెళ్ళు. కానీ ఏదైనా పెద్ద స్టేషన్లో బండి ఎక్కువసేపు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద వాళ్ళు నీళ్ళు పట్టుకునే చోట నువ్వూ సీసా నింపుకో. నీ నవల హైదరాబాద్‌లో మొదలవుతుందని ఎందుకు అనుకుంటున్నావు?

బస. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు ఆడపిల్లల హాస్టళ్ళు సందుకి పది ఉంటాయి. కరెంటు స్తంభాల మీద కాగితాలు అవే. చాలావరకు నెలవారీ అయినా రోజువారీ లెక్కన కూడా కొందరు ఇస్తారు, ఫోన్‌లో 'డే బేసిస్ ఉందా' అని అడగాలి. భోజనంతో కలిపా కాదా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, గదికి ఎంతమంది, ఇవి ముందే తేల్చుకో. గది చూడకుండా అడ్వాన్స్ పంపకు. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి, మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళేది, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళేది. అక్కడుంటే ఎటైనా తేలిక. గదిలో నీతో ఉండే పిల్లలు జావా కోర్సుకో, ఏదో ఇంటర్వ్యూకో వచ్చినవాళ్ళై ఉంటారు. రాత్రి పది తర్వాత వాళ్ళు ఇంటికి ఫోన్‌లో చెప్పే అబద్ధాలు విను. చెవులు రిక్కించి కాదు, ఎలాగూ వినబడతాయి.

సిటీ బస్సులో ఒక చిన్న అవమానానికి సిద్ధంగా ఉండు. తెలంగాణలో ఆడవాళ్ళకి 2023 డిసెంబరు నుంచి బస్సు ఉచితం, జీరో టికెట్ ఇస్తారు. కానీ అది తెలంగాణ వాళ్ళకే. బస్సు కిక్కిరిసి ఉంటుంది, కండక్టర్ 'ఆధార్' అంటుంది, నువ్వు తీసి చూపిస్తావు, అడ్రసులో శ్రీకాకుళం జిల్లా చూసి 'టికెట్ తీస్కో అమ్మా' అంటుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నీకేసి చూస్తారు. పలాస నుంచి టెక్కలి దాకా మన బస్సులో ఉచితంగా తిరిగిన నీకు, ఆ నిమిషంలో పరాయి ఊరంటే ఏమిటో తెలుస్తుంది. చిల్లర ఇచ్చి టికెట్ తీసుకుని జాగ్రత్తగా దాచుకో. నోట్‌బుక్‌లో అంటించుకోదగ్గ కాగితం అది.

యాస దాచుకోకు. 'ఏటి' అని నోరు జారితే నవ్వేవాళ్ళుంటారు, మన మాటని సినిమావాళ్ళు నవ్వులకే వాడుకున్నారు గదా. నవ్వనీ. ఆ ఒక్క మాట వినే ఏదో టిఫిన్ బండి దగ్గర 'మీది సిక్కోలా' అని ఎవరో పలకరిస్తారు. వాళ్ళు 'ఎక్కడ పోవాలె' అంటే ఆ 'పోవాలె'ని అలాగే రాసుకో, 'వెళ్ళాలి' అని సర్దకు.

ఏం చూడాలి అన్నావు. చార్మినార్, గోల్కొండ ఎవరైనా చూపిస్తారు, వెళ్ళు, దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. నీకు చెప్పాలనిపించేది ఇందిరా పార్కు రోడ్డు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులో జరుగుతుంది, ఈమధ్య ఆ పక్కనే ఎన్టీఆర్ స్టేడియంలో పెడుతున్నారు. తారీఖులు చూసుకుని నీ పది రోజులు దానికి కలిసేలా పెట్టుకో. పబ్లిషర్లు, పత్రికలవాళ్ళు, నువ్వు పేర్లు మాత్రమే చదివిన రచయితలు అందరూ ఒకే చోట, స్టాళ్ళలో ప్లాస్టిక్ కుర్చీల మీద దొరుకుతారు. ఆఫీసుల చుట్టూ తిరిగి బల్లల మీద కూర్చోనక్కర్లేదు. అదే పార్కు దగ్గర ధర్నా చౌక్ ఉంది. 2017లో అక్కడ ధర్నాలు ఆపేశారు, హైకోర్టుకెళ్ళి మళ్ళీ తెచ్చుకున్నారు. అంగన్‌వాడీ టీచర్లో, కాంట్రాక్టు లెక్చరర్లో, భూమి పోయిన రైతులో ఎవరో ఒకరు టెంటు కింద ఉంటారు. పుస్తకాల దగ్గర నాలుగు గంటలు గడిపితే టెంటు దగ్గర రెండు గంటలు గడుపు. అక్కడ కూర్చున్నవాళ్ళు ఎవరైనా వినేవాళ్ళ కోసమే వచ్చారు, నువ్వు అడగకుండానే కరపత్రం చేతిలో పెడతారు. పార్కులో నీడ ఉంది, రెండిటి మధ్యా వెళ్ళి కూర్చోవచ్చు.

ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్. షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఎక్కువ ఇంగ్లీషువే, తెలుగువి ఓపిగ్గా ఏరుకోవాలి. పుస్తకం కన్నా ముందు లోపలి అట్ట చూడు, ఎవరు ఎవరికి ఏ పుట్టినరోజుకి ఇచ్చారో రాసి ఉంటుంది. అక్కడి నుంచి సుల్తాన్ బజార్ దగ్గరే. 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అక్కడే ఉంది. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి జనం చందాలు వేసుకుని నిలబెట్టుకున్న గ్రంథాలయం. ఇంకో రోజు అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కనున్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది, ఇప్పుడున్న పెద్ద భవనంలోకి 1936లో మారింది. పైకప్పు ఎత్తు చూసి నోరు తెరవడం అయ్యాక, కింద చదువుకుంటున్న పిల్లల్ని చూడు. నగరంలో లైబ్రరీలన్నీ ఇప్పుడు గ్రూప్స్, ఎస్సై పరీక్షలకి చదివేవాళ్ళవే. చిక్కడపల్లి లైబ్రరీలో అయితే సీటు దొరకడమే కష్టం. ఐదు రూపాయల భోజనం క్యాంటీన్ దగ్గర వాళ్ళతో పాటు లైన్లో నిలబడు. ప్లేటు పట్టుకుని కూడా పుస్తకంలోంచి తల ఎత్తని కుర్రాళ్ళుంటారు. ఐదేళ్ళుగా నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషి పప్పు ఎలా కలుపుకుంటాడో నేను చెప్పలేను, నువ్వు చూడాలి.

సాయంత్రాలు బంజారాహిల్స్‌లో లామకాన్‌కి వెళ్ళవచ్చు. పాత ఇంటి పెరట్లో నాటకాలు, పాటలు, సమావేశాలు జరుగుతుంటాయి, టీ సమోసా చవక. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభలు, పాత పత్రికలు. సభకి వెళ్తే వక్తల కోసం కాదు, అయిపోయాక బయట టీ దగ్గర జరిగే మాటల కోసం వెళ్ళు.

ఇంక ఆ కృష్ణానగర్ పెద్దమనిషి. నేనైతే వెళ్ళను, నిన్నూ వెళ్ళనివ్వను. నిజంగా కథలు కావలసినవాడు 'అన్నీ పట్టుకుని ఆఫీసుకి రా' అనడు, 'ఒకటి మెయిల్ చెయ్యి' అంటాడు. అలా అడిగి చూడు, ఎంత తొందరగా మాయమవుతాడో తెలుస్తుంది. ఏ సినిమాలో తెర మీద అతని పేరు పడిందో అడుగు. ఒకవేళ నిజమే అనిపించినా, పగలు, పదిమంది ఉండే చోట, ఆ పుస్తక ప్రదర్శన దగ్గరే కలుద్దామను. డబ్బు అడిగినా, కాగితం మీద సంతకం అడిగినా లేచి వచ్చెయ్యి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన కథ మీద హక్కు రాసిన క్షణం నుంచే నీది, రిజిస్టర్ చేయించుకోవడం తప్పనిసరి కాదు. కానీ ఆ రక్షణ రాతకే, నోటితో చెప్పిన కథాంశానికి కాదు. అందుకే ఎవరికీ కథ 'చెప్పకు'. బయల్దేరే ముందు 14 కథలూ నీ మెయిల్‌కి నువ్వే పంపుకో, తారీఖు ఉంటుంది. కృష్ణానగర్ చూడాలన్న సరదా ఉంటే ఉదయాన్నే వెళ్ళి రోడ్డు మీద టీ తాగి రా. షూటింగ్ వ్యాన్ల కోసం నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టుల్ని చూడవచ్చు.

పబ్లిషర్ల దగ్గర పెద్దగా ఆశలు పెట్టుకోకు. మన తెలుగులో కథల పుస్తకాలు చాలావరకు రచయితల సొంత డబ్బుతోనే వస్తాయి, ఐదొందలో వెయ్యో కాపీలు. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, తెలుసుకుని ఉండాల్సిన విషయం. నీ 15 వేలు చూసి 'ఇంకో ఇరవై కలుపు, వేసేద్దాం' అనేవాళ్ళు దొరుకుతారు. రెండు కథలు అచ్చయినదానివి, ఇంకో పది అచ్చయ్యేదాకా ఆగు. ఆ 15 వేలల్లో రెండు వేలు నోట్లుగా వేరే చోట పెట్టి, అవి లేవనుకో.

రాత్రిళ్ళు తొమ్మిదిన్నరకల్లా హాస్టల్లో ఉండు. అత్యవసరానికి 112, ఆడవాళ్ళ సహాయానికి 181, ఈ నంబర్లు ఫోన్‌లో పెట్టుకో. తెలంగాణ పోలీసులది టీ-సేఫ్ అని ఆడవాళ్ళ కోసం ఒక సేవ ఉంది, ఆటోలో వెళ్తున్నంతసేపూ ప్రయాణాన్ని కనిపెట్టి ఉంటుంది. ఇంతకు మించి భయపెట్టను.

నవల అక్కడ మొదలుపెట్టకు. పది రోజుల్లో నవల రాదు, రాకపోతే ఏడుపొస్తుంది. నా 1994 నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది. చార్మినార్ మీద వాన గురించి ఆరు పేజీల కవిత్వం రాశాను, ఒక్క ముక్క పనికిరాలేదు. పనికొచ్చింది చివరి అట్ట మీద ఖర్చుల లెక్క: 'చెప్పు కుట్టించినందుకు, ఇరానీ చాయ్ రెండు, బత్తాయిలు ముషీరాబాద్ పిల్లలకి'. ఆ బత్తాయిలు ఎందుకు కొన్నానో గుర్తు చేసుకుంటే ఆ గది మొత్తం తిరిగొస్తుంది, కిరసనాయిలు వాసనతో సహా. లెక్కలు రాయడం నీ ఉద్యోగమే గదా. రోజూ పడుకునే ముందు పైసాతో సహా ఖర్చు రాయి, ఎవరి చేతికి ఇచ్చావో పక్కన రాయి. ఎవరు ఏ మాటన్నారో వాళ్ళ మాటల్లోనే రాయి. నీకేమనిపించిందో రాయనక్కర్లేదు, అది ఎక్కడికీ పోదు.

సర్దుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. గాజు సీసా వద్దు, స్టీలు క్యారియర్ గిన్నె కూడా వద్దు, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగు. మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, పైన గుడ్డ కట్టి, నిలబెట్టి పెట్టు. కథల కట్ట వేరే సంచిలో ఉండాలి. దాని జిరాక్స్ ఒకటి ఇంట్లో వదిలి వెళ్ళు, నాన్నగారు కళ్ళజోడు పెట్టుకునే చోట.